కంప్యూటర్‌లో జాగా ఎటు పోయింది?

ఇల్లన్నాక ఒక అటక ఉంటుంది. దాని మీద ఏ మూల ఏముందో ఇంట్లో ఒక్కరికే తెలుస్తుంది. ఆ ఒక్కరూ చాలా ఇళ్లలో ఇల్లాలే! ఊరగాయ జాడీలు, ఇత్తడి బిందెలు, కొలువు బొమ్మలు, పిల్లల పాత పుస్తకాలు... చీకట్లో చెయ్యి పెట్టినా అడిగింది తీసి ఇవ్వగలం.

మరి ఇంట్లో ఉన్న కంప్యూటర్ సంగతేమిటి? అదీ ఇప్పుడు అటకలాంటిదే కదా! పిల్లల మార్కుల జాబితాలు, ఇంటి పత్రాల నకళ్లు, పెళ్లి ఫొటోలు, సీమంతం వీడియోలు, పొదుపు సంఘం లెక్కలు... అన్నీ అందులోనే దాస్తున్నాం. అందులో జాగా ఎంత, ఎంత నిండింది, ఏది ఎక్కడ ఉంది అని అడిగితే మాత్రం "ఆయనకు తెలుసు" అనో, "మా అబ్బాయికి తెలుసు" అనో అనేస్తాం. వాళ్లకూ తెలియదన్న సంగతి వైరస్ వచ్చిన రోజున గానీ బయటపడదు. ఆ రోజున ఇంటిల్లిపాదీ కలిసి షాపు నుంచి వచ్చిన అబ్బాయి మొహం చూస్తారు. అతను ఒకే ఒక్క మాట చెబుతాడు. "ఫార్మాట్!"

ఆ మాటకు తల ఊపేముందు మనం అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిని అడగడానికి ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు. ఇంటి ఖర్చు పుస్తకం రాసే అలవాటుంటే చాలు.

షాపు అబ్బాయి మాట

మాది తిరుపతి. 2018 వేసవిలో మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు ప్రింట్లు తీయించుకోవడానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ షాపుకి వెళ్లింది. అలాంటి చోట్ల రోజుకు ఎంతమంది పెన్‌డ్రైవ్‌లో ఒకే కంప్యూటర్‌లో పెట్టి తీస్తుంటారు. బడిలో ఒక పిల్లకు కళ్లకలక వస్తే మన పిల్లకూ అంటుకున్నట్టు, ఆ పెన్‌డ్రైవ్‌తో పాటు వైరస్ మా ఇంటికొచ్చింది. రెండు రోజుల్లో మా ఫోల్డర్లన్నీ మాయం! వాటి స్థానంలో అవే పేర్లతో, మూలన చిన్న బాణం గుర్తు ఉన్న బొమ్మలు మిగిలాయి.

రిపేరు షాపు నుంచి ఓ అబ్బాయి వచ్చి విండోస్ మళ్లీ వేసి వెళ్లాడు. దాంతో ఒక తంటా రెండు తంటాలైంది. డీ డ్రైవులో ఫోల్డర్లు ఎప్పటిలాగే కనిపించలేదు. పైగా సీ డ్రైవులో 3 జీబీ తప్ప జాగా లేదని కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. రెండోసారి వచ్చినప్పుడు అతను చూసిందీ లేదు, వెతికిందీ లేదు.

"వైరస్ మొత్తం తినేసిందిక్కా. అంతా ఫార్మాట్ కొట్టేస్తే కొత్తదాని మాదిరి అయిపోతాది" అన్నాడు.

నా గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ డీ డ్రైవులో మా అవ్వ గొంతు ఉంది. అవ్వంటే మా అమ్మను కన్నతల్లి. చిత్తూరులో ఉండేది. గంగ జాతర పాటలు, పెళ్లిళ్లలో అప్పగింతల పాటలు, ఊయల పాటలు ఎన్ని వచ్చో ఆమెకే తెలియదు. 2012లో నాలుగు నెలల పాటు కూర్చోబెట్టి పాడించి, ఇరవై ఆరు గంటలు రికార్డు చేశాను. 2015లో అవ్వ పోయింది. ఆ పాటలు ఏ క్యాసెట్టులోనూ లేవు, ఏ పుస్తకంలోనూ లేవు. ఈ కంప్యూటర్‌లో లేకపోతే లోకంలో లేనట్టే.

భయపడుతూనే స్క్రీన్ వైపు చూశాను. డీ డ్రైవు మొత్తం 300 జీబీ. అందులో 212 జీబీ నిండి ఉందని కంప్యూటరే చెబుతోంది.

"తినేసుంటే జాగా ఖాళీ కావాల కదప్పా? పిల్లి పాలు తాగేసిందంటే గిన్నె ఖాళీగా ఉండాల. గిన్నె నిండుగా ఉంటే తాగిందని ఎట్ల నమ్మేది?" అని అడిగాను.

"అదంతా నాకు తెలీదుక్కా. మేం అందరికీ ఇట్లే చేస్తాం" అన్నాడు. మంచి పిల్లాడే. అతనికి నేర్పింది అంతే. ఫార్మాట్ వద్దని చెప్పి, వచ్చినందుకు ఇవ్వాల్సిన డబ్బులిచ్చి పంపేశాను.

మొదట లెక్క చూడాలి

వైరస్ వచ్చిన ఇంట్లో మొట్టమొదట చేయవలసిన పని లెక్క చూసుకోవడం. దొంగలు పడితే ఏం పోయిందో చూసుకోకుండా బీరువా తగలబెట్టం కదా!

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. 500 జీబీ అని చెప్పి అమ్మిన హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్‌లో పెడితే 465 జీబీ అనే చూపిస్తుంది. మిగతా 35 జీబీ వైరస్ మింగిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. డిస్క్ తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్క వేస్తారు. విండోస్ 1024 చొప్పున లెక్క వేస్తుంది. ఒకే బియ్యాన్ని పడితో కొలిస్తే ఒక అంకె, కిలోల్లో తూస్తే ఇంకో అంకె వచ్చినట్టు! బియ్యం మాత్రం తగ్గలేదు. అలాగే 1000 జీబీ డిస్క్ 931గా కనిపిస్తుంది. మా 465 జీబీలో 165 సీ డ్రైవుకు, 300 డీ డ్రైవుకు పోయాయి.

ఇక అసలు లెక్క. డ్రైవు బొమ్మ మీద మౌస్ కుడివైపు నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. ఎంత నిండిందో రాసుకోండి. తర్వాత ఆ డ్రైవు తెరిచి, లోపల కనిపించే వాటన్నిటినీ కలిపి ఎంపిక చేసి, వాటి ప్రాపర్టీస్ చూడండి. ఈ రెండో అంకెనూ రాసుకోండి. రెండూ దాదాపు సమానంగా ఉంటే సరే. రెండింటికీ పెద్ద తేడా ఉంటే, ఆ తేడా అంతా కంటికి కనపడకుండా దాగి ఉందన్నమాట. మా ఇంట్లో మొదటి అంకె 212 జీబీ. రెండోది ఒక్క జీబీ కూడా లేదు!

ఈ చిన్న లెక్కతో జబ్బు ఏ రకమో చాలావరకు తెలిసిపోతుంది. జాగా నిండి ఉండి ఫైళ్లు కనిపించకపోతే, అవి దాగి ఉన్నాయి. జాగా ఖాళీ అయితే, చెరిగిపోయాయి. డ్రైవే కనిపించకపోతే, డిస్క్‌లోని విషయసూచిక చెడింది. ఫైళ్లు కనిపిస్తూ తెరుచుకోకపోతే, ఎవరో వాటికి తాళం వేశారు. ఈ నాలుగింటికీ మందులు వేరు. ఫార్మాట్ అన్నది వీటిలో దేనికీ మొదటి మందు కాదు.

దాగి ఉన్నవాటిని బయటికి తేవడం

ఆ శనివారం మా అన్న కూతురు చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చింది. డిగ్రీ చదివే పిల్ల. తెల్లారి కాఫీ తాగుతూనే పని మొదలుపెట్టింది. ముందు ఇంటర్నెట్ తీగ పీకేసింది. తన దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు అనే ఉచిత లినక్స్ వేసుకొచ్చింది. మా విండోస్‌ను లేపకుండా దాంతోనే కంప్యూటర్ నడిపింది. ఇందులో కిటుకు ఏమిటంటే, విండోస్ కోసం రాసిన ఇలాంటి వైరస్ లినక్స్‌లో నిద్ర లేవదు. విండోస్‌లో దాచిపెట్టిన ఫైళ్లు లినక్స్‌కు మామూలు ఫైళ్లలాగే కనిపిస్తాయి.

డీ డ్రైవు తెరిచింది. పేరు కూడా లేని ఒక ఫోల్డర్, దాని లోపల మా ఫోల్డర్లు వరసగా!

"పోలా అత్తా. యాడికీ పోలా. అన్నీ ఈడ్నే ఉండాయి చూడు" అంది.

అవ్వ పాటల ఫోల్డర్ నొక్కమన్నాను. 16 జీబీ, లెక్క తప్పలేదు. నాణ్యత తగ్గించకుండా రికార్డు చేసిన పాట నిమిషానికి 10 ఎంబీ పడుతుంది, గంటకు 600 ఎంబీ. ఇరవై ఆరు గంటలకు దాదాపు అంతే వస్తుంది. ఒక పాట పెట్టి చూశాం. అవ్వ గొంతు సవరించుకుని, "ఏ పాటమ్మా?" అని అడిగి మొదలుపెట్టింది. వంటింట్లో ఉన్న మా అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడిపోయింది.

అసలు ఏం జరిగింది? ఈ రకాన్ని మన దగ్గర షార్ట్‌కట్ వైరస్ అంటారు. ప్రతి ఫైలుకూ, ఫోల్డర్‌కూ విండోస్‌లో కొన్ని గుర్తులుంటాయి. "దాచినది" అనే గుర్తు ఒకటి, "విండోస్ సొంత ఫైలు" అనే గుర్తు ఇంకొకటి. వైరస్ మన ఫోల్డర్లకు ఈ రెండు గుర్తులూ తగిలిస్తుంది. దాంతో అవి కనిపించవు. అదే పేరుతో బాణం గుర్తు ఉన్న బొమ్మను పెడుతుంది. మనం దాన్ని నొక్కగానే ముందు వైరస్ నడుస్తుంది, ఆ తర్వాత అసలు ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఫోల్డర్ తెరుచుకుంది కదా అని మనకు అనుమానం రాదు. ఎంత గడుసుదనమో చూడండి! అందుకే బాణం గుర్తు బొమ్మల్ని నొక్కకూడదు.

దాగిన వాటిని విండోస్‌లోనే చూడాలంటే ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, హిడెన్ ఫైల్స్ చూపించమని టిక్ పెట్టాలి. దాని కిందనే సిస్టమ్ ఫైల్స్‌ను దాచమనే టిక్ ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. అందుకే ఏమీ కనిపించదు.

గుర్తులు పూర్తిగా తీసేయడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఆట్రిబ్ అనే ఆజ్ఞ ఉంది. ఆ మాట తర్వాత మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్ అని ఇచ్చి, మన ఫోల్డర్ పేరు రాసి, దాని వెంటే బ్యాక్‌స్లాష్, నక్షత్రం గుర్తు పెట్టి, చివర స్లాష్ ఎస్, స్లాష్ డీ అని ఇస్తే లోపలి ఫోల్డర్లతో సహా అన్నిటికీ గుర్తులు పోతాయి. సీ డ్రైవు మీద మాత్రం ఈ ఆజ్ఞ ఇవ్వకండి. అక్కడ విండోస్ దాచుకున్న సొంత ఫైళ్లుంటాయి.

మా మేనకోడలు చేసిన వరస గుర్తుంచుకోదగ్గది. మొదట నాలుగు వేలు పెట్టి కొన్న కొత్త బయటి డిస్క్‌లోకి మన ఫొటోలు, పాటలు, పత్రాలు మాత్రం లినక్స్‌లోనే నకలు తీసింది. రెండు గంటలు పట్టింది. ఆ డిస్క్ తీసి పక్కన పెట్టిన తర్వాతే విండోస్ లేపి, దాని డిఫెండర్‌లో ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ నడిపి వైరస్‌ను తుడిచింది. ఆ తర్వాత గుర్తులు తీసింది. బాణం బొమ్మల్ని చెరిపింది. పెన్‌డ్రైవ్‌నూ వదల్లేదు. ఇల్లు కడిగి గడప వదిలేస్తే ఏం లాభం?

సీ డ్రైవు సంగతి

ఇక రెండో తంటా. సీ డ్రైవులో జాగా ఏమైంది? ఇది వైరస్ తిన్న జాగా కాదు, వైరస్ పేరుతో చేసిన వైద్యం తిన్న జాగా. ఒక్కొక్కటే చూద్దాం.

అన్నిటికన్నా పెద్దది పాత విండోస్. ఫార్మాట్ చేయకుండా విండోస్ మళ్లీ వేస్తే, పాతదాన్ని పారేయకుండా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో కట్టిపెడుతుంది. మా ఇంట్లో అది 24 జీబీ. దాన్ని వెంటనే చెరపకండి! అందులో యూజర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. పాత డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవన్నీ అక్కడే ఉంటాయి. మా అమ్మాయి ప్రాజెక్టు మాకు అందులోనే దొరికింది. కొన్నిసార్లు ఈ ఫోల్డర్‌ను కొద్దిరోజులకు విండోసే తీసేస్తుంది కాబట్టి, ఆలస్యం చేయకుండా తెరిచి చూసుకోవాలి. కావలసినవి తీసుకున్నాక డిస్క్ క్లీనప్‌లో "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" అనే చోట టిక్ పెట్టి చెరపాలి.

రెండోది టెంపరరీ ఫైళ్లు, 9 జీబీ. వంట అయ్యాక గట్టు మీద మిగిలే తొక్కల్లాంటివి ఇవి. డిస్క్ క్లీనప్‌తోనే పోతాయి. అయితే అక్కడి జాబితాలో డౌన్‌లోడ్స్ అనే పేరు కనిపిస్తే దానికి టిక్ పెట్టకండి. అవి చెత్త కాదు, మనం దించుకున్న ఫైళ్లు.

మూడోది రిస్టోర్ పాయింట్లు, 7 జీబీ. కంప్యూటర్ ఫలానా రోజున ఎలా ఉందో విండోస్ గుర్తు పెట్టుకునే ఏర్పాటిది. వైరస్ ఉన్న రోజున తీసుకున్న గుర్తులో వైరస్ నకలూ ఉండవచ్చు. అందుకే శుభ్రం చేయడం అయిపోయాక, సిస్టమ్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి పాతవన్నీ చెరిపి, కొత్తగా ఒకటి పెట్టుకోవాలి. ముందే చెరిపితే, మధ్యలో ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లే దారి ఉండదు.

నాలుగోది రీసైకిల్ బిన్, 6 జీబీ. ప్రతి డ్రైవుకూ ఒక బిన్ ఉంటుంది. ఖాళీ చేసేముందు తెరిచి చూడటం మరవకండి.

అయిదోది హైబర్నేషన్ ఫైలు, 3 జీబీ. కంప్యూటర్ నిద్రపోయేముందు తన జ్ఞాపకాన్ని డిస్క్ మీద రాసుకునే చోటు ఇది. ఆ సదుపాయం వాడని ఇంట్లో దాన్ని ఆపేస్తే జాగా తిరిగి వస్తుంది.

లెక్క కట్టండి. 24, 9, 7, 6, 3 కలిపితే 49 జీబీ. ముందున్న 3తో కలిసి 52 జీబీ ఖాళీ అయింది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. సాయంత్రం కాఫీ వేళకు పని ముగిసింది.

ఇవి కాక, డిస్క్‌ను సరిచూసే చెక్‌డిస్క్ నడిపినప్పుడు "ఫౌండ్" అనే పేరుతో ఫోల్డర్ ఒకటి పుట్టవచ్చు. ఏ ఫైలుకూ చెందకుండా తప్పిపోయిన ముక్కల్ని కంప్యూటర్ అక్కడ పోగేస్తుంది. అందులో పనికొచ్చేదేమైనా ఉందేమో చూసి, లేకపోతే తీసేయవచ్చు.

ఖాళీ అయినా ఆశ వదలొద్దు

జాగాను అడ్డం పెట్టుకుని ఆడే ఈ ఆట కొత్తది కాదు. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ అనే వైరస్‌ను పీసీలకు వచ్చిన మొట్టమొదటి వైరస్ అంటారు. అది ఫ్లాపీలో కొంత జాగాకు "చెడిపోయింది" అని గుర్తు పెట్టి, ఆ చెడిపోయిన చోటే తాను కాపురం పెట్టేది!

1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ వైరస్ చేసింది ఇంకా పెద్ద అల్లరి. తైవాన్‌లో చెన్ ఇంగ్ హావ్ అనే విద్యార్థి రాసిన వైరస్ అది. మనదేశంతో సహా ఎన్నో దేశాల్లో ఆ రోజు కంప్యూటర్లు తెరుచుకోలేదు. అది డిస్క్ మొదట్లో ఉండే ఒక మెగాబైటు మేర చెరిపేసింది. పుస్తకానికి విషయసూచిక చింపేసినట్టన్నమాట. దాంతో డిస్క్ మొత్తం ఖాళీగా కనిపించింది. కానీ లోపలి పేజీలు చాలావరకు అలాగే ఉన్నాయి. స్టీవ్ గిబ్సన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ డిస్క్‌లోనే మిగిలిన రెండో సూచికను ఆధారం చేసుకుని, ఎందరి ఫైళ్లనో తిరిగి తెచ్చే ప్రోగ్రాం రాసి ఉచితంగా పంచాడు. ఖాళీ అయిందని నమ్మి అదే రోజు ఫార్మాట్ చేసి కొత్తవి నింపుకున్నవాళ్లకు ఆ ప్రోగ్రాం అక్కరకు రాలేదు.

ఇప్పటికీ సూత్రం అదే. ఫైలు చెరిగినా, క్విక్ ఫార్మాట్ జరిగినా, హార్డ్ డిస్క్‌లో అక్షరాలు వెంటనే పోవు. ఆ చోట ఇంకోటి రాసినప్పుడు పోతాయి. అందుకని ఆ డిస్క్ వాడకం తక్షణం ఆపేయాలి. టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంలతో వెతికించాలి. దొరికినవి వేరే డిస్క్‌లోకి తీసుకోవాలి. అదే పూర్తి ఫార్మాట్ అయితే, విండోస్ విస్టా నుంచి అది డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. దాని తర్వాత వెతకడానికి ఏమీ ఉండదు. ఇప్పుడొస్తున్న ఎస్ఎస్‌డీ డిస్క్‌లలోనైతే మామూలుగా చెరిపిన ఫైలు కూడా కాసేపటికే శాశ్వతంగా పోవచ్చు. అక్కడ నకలు ఒక్కటే దిక్కు.

తాళం వేసే వైరస్

ఇక నాలుగో రకం, అన్నిటిలోకీ మొండిది. ఫైలు కనిపిస్తుంది, జాగా నిండే ఉంటుంది, కానీ పేరు చివర వింత తోక వచ్చి చేరుతుంది. తెరుచుకోదు. డబ్బు కడితే తెరుస్తామని బెదిరింపు వస్తుంది. దీన్ని ర్యాన్సమ్‌వేర్ అంటారు.

ఇది మన వాకిట్లోకీ వచ్చింది. 2017 మే 12న వాన్నాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు, మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అలా పడిన జిల్లాల్లో చిత్తూరు ఒకటి. తిరుపతి అప్పటికి చిత్తూరు జిల్లాలోనే ఉంది, విడి జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. కొద్ది రోజులకే తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్నింటికి కూడా సోకిందని పత్రికల్లో చదివాం. ఆ వైరస్ దూరే కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే ఇచ్చింది. వేసుకున్న కంప్యూటర్లు తప్పించుకున్నాయి. పాతబడి, అప్‌డేట్ లేనివి దొరికిపోయాయి. విండోస్ 10కి కూడా మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇంట్లో అది ఉన్నవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

తాళం పడితే డబ్బు కట్టకండి. కట్టినా తాళంచెవి ఇస్తారన్న పూచీ లేదు. ఆ ఫైళ్లను పనికిరానివని పారేయనూ వద్దు. వేరే డిస్క్‌లో నకలు తీసి దాచండి. 2016లో యూరప్ పోలీసులు, కొన్ని సంస్థలు కలిసి మొదలుపెట్టిన నో మోర్ ర్యాన్సమ్ అనే చోట చాలా రకాలకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతున్నాయి. దొంగచాటు సాఫ్ట్‌వేర్‌తో ఇళ్లలోకి ఎక్కువగా వచ్చిన స్టాప్ అనే రకాన్నే తీసుకోండి. 2019 అక్టోబరులో ఎంసిసాఫ్ట్ సంస్థ దాని 148 రూపాలకు విరుగుడు విడుదల చేసింది. అప్పటిదాకా ఫైళ్లు పారేయకుండా ఓపిక పట్టినవాళ్లలో ఎందరో వాటిని తిరిగి తెరుచుకున్నారు.

మన ప్రభుత్వమూ 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్ర అనే దాన్ని మొదలుపెట్టి, వైరస్‌లు తుడిచే పనిముట్లను ఉచితంగా ఇస్తోంది. పెన్‌డ్రైవ్‌లను కాపలా కాసే యూఎస్‌బీ ప్రతిరోధ్ మన హైదరాబాద్‌లోని సీడాక్‌లో తయారైందే. బెదిరింపులు, డబ్బు మోసాలు ఎదురైతే 1930 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

అడగవలసిన ప్రశ్నలు

బాగుచేయడానికి వచ్చినవారిని ఈ నాలుగూ అడగండి. "డ్రైవులో ఎంత నిండి ఉంది, ఎంత కనిపిస్తోంది?" "ఫార్మాట్ చేసేముందు నకలు ఎక్కడ తీస్తారు?" "తీసిన నకలు తెరుచుకుంటోందా, నాకు ఒకటి తెరిచి చూపిస్తారా?" "ఫార్మాట్ చేస్తే ఏ డ్రైవుకు చేస్తారు, అన్నిటికీ ఎందుకు?" పని తెలిసినవారు సంతోషంగా జవాబు చెబుతారు. విసుక్కునేవారి చేతికి మౌస్ ఇవ్వకండి.

నిజమే, అన్నిసార్లూ ఫార్మాట్ తప్పు కాదు. వైరస్ విండోస్‌లో వేళ్లు తన్నుకుపోతే సీ డ్రైవును తుడిచి కొత్తగా వేయడమే మంచిది. కాకపోతే అది నకలు తీసుకున్న తర్వాత చేయవలసిన పని. వరస మారితే ఫలితమూ మారిపోతుంది.

మా అవ్వ పాటలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి మా బీరువాలో ఉన్న డిస్క్‌లో, ఒకటి చిత్తూరులో అన్నయ్య ఇంట్లో. బీరువాలోది నకలు తీసేటప్పుడు తప్ప కంప్యూటర్‌కు తగిలించి ఉంచం. ఆరు నెలలకోసారి ఒక్కో డిస్క్ పెట్టి, ఒక పాట విని, తేదీ రాసి పెడతాం.

మీరూ ఈ ఆదివారం మధ్యాహ్నం వంట పని అయ్యాక, ఒక్క పావుగంట కంప్యూటర్ ముందు కూర్చోండి. ప్రతి డ్రైవు ఎంత, ఎంత నిండింది, అందులో పోతే మళ్లీ రానివి ఏవి అన్నది పాలవాడి లెక్క రాసే నోటు పుస్తకంలోనే ఒక పేజీలో రాసుకోండి. రేపు వైరస్ వచ్చి, ఎవరైనా "అంతా పోయింది" అన్నప్పుడు ఆ పేజీ తీసి, స్క్రీన్ మీద ఉన్న అంకెతో సరిచూడండి. ఆ తర్వాతే ఏం చేయాలో చెప్పండి.